కరెంట్ పోయినప్పుడు పని ఎక్కడుంటది? స్లీప్, హైబర్నేట్ అసలు సంగతి

మాఘమాసం పెళ్ళిళ్ళ రోజుల్లో పాలకొల్లులోనో అమలాపురంలోనో ఏ డీటీపీ షాపుకెళ్ళినా కంప్యూటర్ మీద నాలుగైదు శుభలేఖలు తెరిచే ఉంటాయి, ఒకదాంట్లో పేర్లు దిద్దుతుంటే ఇంకోదాంట్లో ముహూర్తం టైము మార్చమని ఫోనొస్తది. మధ్యాహ్నం భోజనానికి లేచేటప్పుడు ఆపరేటర్ అవన్నీ ఒక్కొక్కటీ మూసుకుంటా కూర్చోడు, సిస్టమ్‌ని స్లీప్‌లో పెట్టి షట్టర్ సగం దించి వెళ్ళిపోతాడు. ఈలోపు కరెంట్ పోయి వచ్చిందనుకోండి, తిరిగొచ్చి మౌస్ కదిపితే చలనం ఉండదు, బటన్ నొక్కితే విండోస్ మొదట్నుంచీ లేస్తది, సేవ్ చెయ్యని మార్పులన్నీ పోయినట్టే. అదే మనిషి స్లీప్ బదులు హైబర్నేట్ నొక్కి వెళ్ళుంటే కరెంట్ గంట పోనీ పూట పోనీ, ఎవరో ప్లగ్గే పీకెయ్యనీ, వచ్చాక ఏ లేఖలో ఏ అక్షరం దగ్గర ఆపాడో అక్కడే మొదలెట్టేవాడు.

తేడా అంతా ఒక్క ప్రశ్నలో ఉంది. కరెంట్ పోయిన క్షణంలో పని ర్యామ్‌లో ఉందా, డిస్క్‌లో ఉందా?

ర్యామ్ అంటే కంప్యూటర్ అప్పటికప్పుడు వాడుకునే చోటు, తెరిచిన ఫైళ్ళు, ప్రోగ్రాములు, బ్రౌజర్‌లో పాతిక ట్యాబులు అన్నీ అందులోనే ఉంటాయి. అందులో ఒక్కో బిట్టూ ఒక్కో బుల్లి కెపాసిటర్‌లో కాస్త చార్జి రూపంలో ఉంటది, ఆ కెపాసిటర్ చిల్లు కుండ లాంటిది, పోసిన చార్జి కారిపోతానే ఉంటది. అందుకే మామూలుగా ప్రతి 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి మొత్తం ర్యామ్‌ని చదివి మళ్ళీ నింపాలి, దీన్నే రిఫ్రెష్ అంటారు. భీమవరం పక్క రొయ్యల చెరువుల్లో రాత్రంతా ఏరియేటర్లు ఎందుకు తిరుగుతాయో తెలిసినోళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, చెరువు పైకి ఎంత నిశ్శబ్దంగా ఉన్నా లోపల గాలి అందుతానే ఉండాలి, ఏరియేటర్ ఆగితే చెరువు ఆగదు, చచ్చిపోద్ది. ర్యామ్‌కి రిఫ్రెష్ ఆగినా అంతే.

స్లీప్‌లో పెట్టినప్పుడు ప్రాసెసర్, డిస్క్, ఫ్యాన్లు, తెర అన్నీ ఆగిపోతాయి, ర్యామ్‌కి మాత్రం కొద్దిగా కరెంట్ అందుతానే ఉంటది, ఆ రిఫ్రెష్ పని ర్యామ్ చిప్పులే సొంతంగా చూసుకుంటాయి. అందుకే లేపితే రెండు మూడు సెకన్లలో లేస్తది, ఎక్కడివక్కడే ఉన్నాయి కాబట్టి తెచ్చి సర్దాల్సిందేం ఉండదు. హైబర్నేట్‌లో ర్యామ్‌లో ఉన్నదాన్నంతా కుదించి డిస్క్ మీద ఒక పెద్ద ఫైల్‌గా రాసి, ఆ తర్వాత మెషీన్ నిజంగానే ఆగిపోద్ది. మళ్ళీ బటన్ నొక్కితే మామూలుగా ఆన్ అయినట్టే అయ్యి, విండోస్‌ని కొత్తగా లేపే బదులు ఆ ఫైల్‌ని తీసి ర్యామ్‌లో మళ్ళీ పరుస్తది.

కోతల రోజుల్లో ధాన్యం సంగతి గుర్తు తెచ్చుకుంటే ఇది ఇంకా తేలిక. కళ్ళంలో ఎండబోసిన ధాన్యాన్ని సాయంత్రానికి కుప్ప చేసి బరకం కప్పి పక్కనే మంచమేసుకుని పడుకోవడం స్లీప్. పొద్దున్నే బరకం తీస్తే చాలు, పని అందుకోవచ్చు, కానీ రాత్రంతా కాపలా కావాలి, గట్టి వానొస్తే కింద తడిసి మొలకలొచ్చేస్తాయి. బస్తాలకెత్తి ఇంటికి తోలి గాదెలో పోసుకోవడం హైబర్నేట్. ఎత్తడానికి దించడానికి టైము పడుద్ది, కానీ బయట ఎంత వాన కురిసినా కంటి మీద కునుకు పడుద్ది. మబ్బు పట్టిన రోజు ఏ రైతూ బరకాన్ని నమ్ముకోడు, కంప్యూటర్ దగ్గర మాత్రం ఏడాది పొడుగునా బరకమే కప్పుతున్నాం.

అసలు హైబర్నేట్ అన్న పేరే మన నేలకి పరాయిది. చలి దేశాల్లో జంతువులు శీతాకాలమంతా పడుకునేదాన్ని మన స్కూలు పుస్తకాల్లో శీతాకాల సుప్తావస్థ అంటారు, దానికి జోడీగా గ్రీష్మకాల సుప్తావస్థ అని ఇంకోటి ఉంటది. డెల్టాలో చలికి పడుకునే జీవాలు తక్కువ గానీ వేసవిలో కాలవలు కట్టేసి చేలు బీటలు వారినప్పుడు బావురుకప్పలు మట్టిలోకి దూరి కదలకుండా ఉండి తొలకరి జల్లుకి ఒక్కసారిగా బయటికొచ్చి అరవడం అందరూ విన్నదే. కరెంటు లేని కాలాన్ని మట్టి కింద దాటేయడం, మళ్ళీ వచ్చాక లేపితే లేవడం, హైబర్నేట్ చేసేది అదే.

ఇప్పుడున్న ఈ పద్ధతులకి పునాది ఏసీపీఐ అన్న ప్రమాణం, 1996 డిసెంబర్‌లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి విడుదల చేశాయి. 1996 అనగానే కోనసీమలో ఎవరికైనా గుర్తొచ్చేది నవంబర్ 6 రాత్రి తుఫాను, కొబ్బరి తోటలు పడుకుండిపోయి ఊళ్ళకి ఊళ్ళు చీకట్లో ఉండిపోయిన రోజులు. అది జరిగిన మరుసటి నెలలోనే అక్కడెక్కడో కంప్యూటర్ ఎలా పడుకోవాలో రూలు రాసుకున్నారన్నమాట. ఆ రూల్లో ఎస్0 అంటే మెలకువ, ఎస్3 అంటే మనం స్లీప్ అనుకునేది, ఎస్4 హైబర్నేట్, ఎస్5 షట్‌డౌన్. మధ్యలో ఎస్1, ఎస్2 కూడా ఉన్నాయి గానీ ఇప్పుడు వాటితో ఎవరికీ పని లేదు.

ఇక్కడో సందేహం రావాలి. డెస్క్‌టాప్‌లో స్లీప్ నొక్కితే కరెంట్ పోయినప్పుడు పని పోకూడదు కదా, విండోస్ విస్టా నుంచీ హైబ్రిడ్ స్లీప్ అని ఒకటుందిగా అని. నిజమే, ఉంది. స్లీప్‌లోకి వెళ్ళేముందు ర్యామ్‌ని డిస్క్ మీద కూడా రాసిపెట్టి అప్పుడు పడుకోవడం అది, కళ్ళంలో బరకం కప్పుతూనే ఓ కాపీ గాదెలో కూడా పోసినట్టు. కరెంట్ ఉంటే ర్యామ్ నుంచి టక్కున లేస్తది, పోతే డిస్క్ నుంచి నెమ్మదిగా లేస్తది, ఎటూ నష్టం లేదు. డెస్క్‌టాపుల్లో ఇది మామూలుగా ఆన్‌లోనే ఉండి వస్తది. మరి శుభలేఖలు ఎందుకు పోయాయి? సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగా కనపడుతుందని ఎవరో సర్వీస్‌కి వచ్చినాయన హైబర్నేట్ ఫైల్ తీసేసి ఉంటాడు కాబట్టి.

ఆ ఫైల్ పేరు హైబర్‌ఫిల్ డాట్ సిస్, సీ డ్రైవ్‌లో దాగి ఉంటది, విండోస్ 10 నుంచి మామూలుగా ర్యామ్‌లో 40 శాతం సైజు, అంటే 8 జీబీ ర్యామ్‌కి 3.2 జీబీ, 16కి 6.4. డ్రైవ్ నిండిందంటే ముందు దీని మీదే చెయ్యి పడుద్ది, ఒక్క కమాండ్‌తో మూడు నాలుగు జీబీలు మిగులుతాయి, కస్టమర్ కూడా సంతోషిస్తాడు. కానీ ఆ ఒక్క కమాండ్‌తో హైబర్నేట్ పోద్ది, దాంతోపాటు హైబ్రిడ్ స్లీప్ పోద్ది, ఆ సంగతి కస్టమర్‌కి ఎవరూ చెప్పరు. అప్పట్నుంచి స్లీప్ బటన్ పేరు మారకపోయినా దాని వెనకున్న రక్షణ లేదు. మూడు జీబీల కోసం ఇంత పెద్ద భరోసా వదులుకోవడం అసలు బేరమే కాదు, చోటు కావాలంటే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పాత సెటప్‌లూ పెళ్ళి వీడియోలూ వేరే డ్రైవ్‌కి మార్చుకోవచ్చు.

ఒక సిస్టమ్‌లో ఏమేం ఉన్నాయో తెలుసుకోవడం తేలికే. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ (powercfg) అని కొట్టి ఖాళీ ఇచ్చి స్లాష్ ఏ కొడితే ఆ మెషీన్‌కి ఏ నిద్రలు ఉన్నాయో, ఏవి లేవో, ఎందుకు లేవో వరసగా చూపిస్తది. హైబర్నేట్ ఆఫ్‌లో ఉంటే అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి అదే పేరు పక్కన స్లాష్ హెచ్, ఖాళీ, ఆన్ అని కొడితే తిరిగొస్తది. అయినా స్టార్ట్ మెనూలో కనపడదు, ఎందుకంటే విండోస్ 8 నుంచి ఆ పేరుని మెనూలోంచి దాచిపెట్టారు, కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కెళ్ళి పవర్ బటన్లు ఏం చేయాలో అడిగే పేజీ తెరిచి, పైన ఉన్న నీలం లింకు నొక్కితే కింద హైబర్నేట్ పక్కన టిక్ పెట్టుకోడానికి వీలవుద్ది. కరెంట్ నిలకడగా ఉండే దేశాల్లో ఆ టిక్ అక్కర్లేదనుకున్నా సరే, గాలి గట్టిగా వీస్తే కొబ్బరి మట్ట తీగల మీద పడే చోట, లైన్‌మేన్ ఎల్సీ తీసుకుంటే, అంటే రిపేరుకని లైను ఆపిస్తే, అరపూట లైను రాని చోట, ఆ టిక్ కొన్న రోజే పెట్టుకోవాలి.

ల్యాప్‌టాప్ సంగతి వేరు. దానికి బ్యాటరీ ఉంది కాబట్టి కరెంట్ పోయినా వెంటనే ఏం కాదు, అక్కడ ప్రశ్న ఎంతసేపు అన్నది. ఎస్3 స్లీప్‌లో ల్యాప్‌టాప్ సుమారు అర వాట్ తింటదనుకుంటే 45 వాట్-అవర్ల కొత్త బ్యాటరీ నిండుగా ఉంటే 90 గంటలు, అంటే మూడు రోజులు దాటి ఆగుద్ది. నాలుగేళ్ళు వాడి సగానికి అరిగిపోయిన బ్యాటరీ, అది కూడా సగం చార్జింగే ఉంటే చేతిలో ఉన్నది పదకొండు వాట్-అవర్లే, ఒక రోజు కూడా రాదు. శనివారం సాయంత్రం మూత వేసి సోమవారం తెరిచేవాళ్ళకి ఇది చాలదు. అందుకే ల్యాప్‌టాపుల్లో బ్యాటరీ అడుగంటగానే దానంతటదే హైబర్నేట్ అయ్యే ఏర్పాటు ఉంటది, అదీ హైబర్నేట్ ఆన్‌లో ఉంటేనే. పాత బ్యాటరీతో ఇంకో తంటా ఏంటంటే 20 శాతం చూపిస్తానే ఒక్కసారిగా సున్నాకి పడిపోద్ది, హైబర్నేట్ రాసుకునే వ్యవధి కూడా దొరకదు. అలాంటి బ్యాటరీ ఉన్నవాళ్ళు పవర్ ప్లాన్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో క్రిటికల్ లెవెల్‌ని ఐదు నుంచి పదిహేనుకో ఇరవైకో పెంచుకోవడం మంచిది.

ఇంతవరకూ చెప్పింది పాత స్లీప్. ఈ మధ్య కొన్న చాలా ల్యాప్‌టాపుల్లో ఎస్3 అసలు లేదు. 2012లో విండోస్ 8తో కనెక్టెడ్ స్టాండ్‌బై అని మొదలుపెట్టి, 2015లో విండోస్ 10కి వచ్చేసరికి మోడర్న్ స్టాండ్‌బై అని విస్తరించారు, ఫోన్ లాగా తెర ఆగిపోయినా లోపల కాస్త మేలుకునే ఉండటం దాని పద్ధతి. ప్రమాణం ప్రకారం అది ఎస్0లోనే ఉన్నట్టు లెక్క, అంటే మెలకువే, కాకపోతే కళ్ళు మూసుకున్న మెలకువ. అన్నీ సరిగ్గా కుదిరితే బ్యాటరీ పెద్దగా కరగదు, మూత తియ్యగానే ఫోన్ లాగా లేస్తది, మెయిళ్ళు కూడా వచ్చి ఉంటాయి. కుదరకపోతేనే బాధ. ఏదో ఒక డ్రైవర్, అంటే లోపలి భాగాన్ని నడిపే ప్రోగ్రాము, పడుకోనివ్వదు, లేదా అప్‌డేట్ ఒకటి లేచి పనిచేస్తది, అమలాపురంలో బస్సెక్కి బ్యాగ్‌లో ల్యాప్‌టాప్ పెట్టుకున్న ఇంజినీరింగ్ పిల్లవాడు కాకినాడలో దిగి తీసేసరికి కింద పెనంలాగా కాలుతుంటది, బ్యాటరీ అయిపోయి ఉంటది. గాలాడని బ్యాగ్‌లో అంత వేడి బ్యాటరీకి మంచిది కాదు. మెనూలో మాత్రం పాత స్లీప్‌కీ దీనికీ ఒకటే పేరు, కొన్నవాడికి తేడా తెలిసే దారే లేదు, ఈ విషయంలో కొనుగోలుదారుకి నిజంగా అన్యాయం జరుగుతుంది.

దీనికి మందు కూడా హైబర్నేటే. మూత వేస్తే స్లీప్ బదులు హైబర్నేట్ అయ్యేట్టు అదే పవర్ బటన్ల పేజీలో మార్చుకోవచ్చు. ప్రతిసారీ అక్కర్లేదనుకుంటే అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఇన్ని నిమిషాల తర్వాత హైబర్నేట్ అన్న అంకె ఉంటది, అక్కడ 30 అనో 60 అనో పెడితే టీ తాగొచ్చేలోపు స్లీప్‌లో ఉంటది, మర్చిపోయి వెళ్ళిపోతే అదే డిస్క్‌కి రాసుకుని ఆగిపోద్ది, ల్యాప్‌టాప్‌కి ఇంతకంటే తెలివైన సెట్టింగ్ లేదు. రాత్రుళ్ళు దానంతటదే లేస్తుందనుకుంటే పవర్‌సీఎఫ్‌జీ పక్కన స్లాష్ లాస్ట్‌వేక్ కొడితే చివరిసారి ఎవరు లేపారో చెప్తది, స్లాష్ స్లీప్‌స్టడీ కొడితే మోడర్న్ స్టాండ్‌బైలో ఎంత చార్జి దేనికి పోయిందో రిపోర్టు ఇస్తది.

షట్‌డౌన్ చేసేస్తే గొడవే లేదు కదా అంటారు కొందరు. ఆ షట్‌డౌన్ కూడా ఇప్పుడు పూర్తి షట్‌డౌన్ కాదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని వచ్చింది, షట్‌డౌన్ నొక్కితే మన ప్రోగ్రాములన్నీ మూసేసి, విండోస్ లోపలి భాగాన్ని మాత్రం అదే హైబర్నేట్ ఫైల్లో రాసిపెడుద్ది, రేపు ఆన్ చేసినప్పుడు తొందరగా లేవడానికి. అందుకే ప్రింటర్ పట్టలేదు, సౌండ్ రాట్లేదు అని ఆఫ్ చేసి ఆన్ చేసినా మొరాయింపు అలాగే ఉంటది, రీస్టార్ట్ కొడితే పోద్ది, ఎందుకంటే రీస్టార్ట్ మాత్రం నిజంగా మొదట్నుంచీ లేపుద్ది. షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ కొట్టినా పూర్తిగా ఆగుద్ది. విండోస్‌తోపాటు లినక్స్ కూడా పెట్టుకున్న పిల్లలు దీన్ని బాగా గుర్తుంచుకోవాలి, హైబర్నేట్‌లోనో ఫాస్ట్ స్టార్టప్‌తో ఆగిన స్థితిలోనో ఉన్న విండోస్ డ్రైవ్‌లోకి లినక్స్ నుంచి రాస్తే ఫైల్ సిస్టమ్ చెడిపోయే ప్రమాదం ఉంది, అందుకే లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తది. లినక్స్‌లో హైబర్నేట్ కావాలంటే స్వాప్ చోటు, అంటే ర్యామ్‌కి తోడుగా డిస్క్ మీద కేటాయించే చోటు, ర్యామ్‌కి సరిపడా పెట్టుకోవాలి. ఆపిల్ ల్యాప్‌టాపుల్లో మాత్రం స్లీప్‌లోకి వెళ్ళేటప్పుడు ర్యామ్ కాపీ డిస్క్ మీద రాసుకునే పద్ధతి 2005 నుంచీ ఉంది.

హైబర్నేట్ అంటే ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాల్లేని కొత్తరకం డిస్క్, అరిగిపోద్దన్న భయం బాగా పాకింది. లెక్క వేసి చూద్దాం. రోజుకోసారి 4 జీబీ రాసిందనుకుంటే ఏడాదికి సుమారు ఒకటిన్నర టీబీ, టీబీ అంటే వెయ్యి జీబీలు. 250 జీబీ ఎస్ఎస్‌డీలు చాలావాటికి కంపెనీ హామీ ఇచ్చే రాత 150 టీబీ దాకా ఉంటది. ఒక్క హైబర్నేట్‌తోనే దాన్ని అరగదీయాలంటే వందేళ్ళు పడుద్ది. లేచే టైము కూడా డిస్క్‌ని బట్టే, పాత హార్డ్ డిస్క్ సెకనుకి వంద ఎంబీ చదివితే 3 జీబీకి అర నిమిషం, మామూలు సాటా ఎస్ఎస్‌డీకి ఆరేడు సెకన్లు, ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ అయితే రెండు మూడు. హార్డ్ డిస్క్ రోజుల్లో హైబర్నేట్ అంటే విసుగు రావడంలో అర్థముంది, ఎస్ఎస్‌డీ వేశాక ఆ సాకు చెల్లదు.

కరెంట్ బిల్లు కోణంలో చూస్తే స్లీప్‌కీ హైబర్నేట్‌కీ పెద్ద తేడా లేదు, అసలు తేడా ఊరికే ఆన్‌లో వదిలేయడంతోనే. ఖాళీగా ఉన్న డెస్క్‌టాప్ 60 వాట్లు తింటే రాత్రి పది గంటలకి 0.6 యూనిట్, నెలకి 18 యూనిట్లు. స్లీప్‌లో 3 వాట్లు అనుకున్నా నెలకి ఒక యూనిట్ లోపే.

యూపీఎస్ ఉందిగా అనుకునేవాళ్ళకి ఒక మాట. చిన్న యూపీఎస్ డెస్క్‌టాప్‌ని పది పదిహేను నిమిషాలు మోస్తది, అది కరెంట్ వచ్చేదాకా పని చేసుకోడానికి కాదు, పనిని డిస్క్‌కి చేర్చుకోడానికి. స్లీప్‌లో పెట్టి యూపీఎస్ మీద వదిలేస్తే, కొన్ని యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఉన్నప్పుడు లోడు మరీ తక్కువ కనపడితే ఎవరూ వాడట్లేదనుకుని ఆగిపోతాయి కూడా. వెనకాల యూఎస్‌బీ పోర్టు ఉన్న యూపీఎస్ అయితే ఆ కేబుల్ సిస్టమ్‌కి తగిలిస్తే విండోస్ దాన్ని ల్యాప్‌టాప్ బ్యాటరీ లాగే చూస్తది, చార్జి తగ్గగానే హైబర్నేట్ అయ్యేట్టు పెట్టుకోవచ్చు, మనిషి దగ్గర లేకపోయినా పని దక్కుద్ది. డబ్బాలోనే పడి ఉండే ఆ కేబుల్ విలువ ఎంతో. ఇంటి ఇన్వర్టర్ మీద డెస్క్‌టాప్ నడిపేవాళ్ళు ఇన్వర్టర్‌ని యూపీఎస్ మోడ్‌లో పెట్టారో లేదో చూసుకోవాలి, మామూలు మోడ్‌లో అది మారేలోపు పట్టే వ్యవధికి ఫ్యాన్లూ లైట్లూ ఓర్చుకుంటాయి గానీ పనిలో ఉన్న కంప్యూటర్ ఓర్చుకోలేక రీస్టార్ట్ అవుతుంటది.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుములు మొదలైతే టీవీ ప్లగ్గూ కేబుల్ వైరూ పీకేయడం ఇక్కడి ఇళ్ళలో అలవాటే. డెస్క్‌టాప్ దగ్గర మాత్రం స్లీప్‌లో ఉందిగా, పీకితే పోద్దేమో అని ఆగిపోతారు, ఆ భయంలో పిడుగుకి మదర్‌బోర్డ్ అప్పజెప్తారు. హైబర్నేట్ అయిన మెషీన్‌కి గోడకీ మధ్య తీగ అవసరమే లేదు, ప్లగ్గూ నెట్ కేబులూ రెండూ పీకేయొచ్చు. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున అయితే ఇంకా ముఖ్యం, లైన్లు పడితే మళ్ళీ ఎప్పుడొస్తాయో చెప్పలేం, హైబర్నేట్ చేసి సీపీయూ డబ్బా తీసి అటక మీద పెట్టుకున్నా వారం తర్వాత తగిలిస్తే ఆపిన చోటే లేస్తది. మధ్యలో దాని ర్యామ్ మార్చడం, ఆ డిస్క్ ఊడదీసి ఇంకో సిస్టమ్‌కి పెట్టడం మాత్రం చేయకూడదు.

హైబర్నేట్ ఆన్ చేశాక దాన్ని నమ్మేముందు ఒక్కసారి పరీక్షించుకోవాలి, పాత గ్రాఫిక్స్ డ్రైవర్లున్న కొన్ని సిస్టమ్స్ లేచేటప్పుడు నల్ల తెర దగ్గర ఆగిపోతాయి, అది పని మధ్యలో తెలియడం కంటే ముందే తెలియడం నయం. ముఖ్యమైన ఫైళ్ళన్నీ సేవ్ చేసి మూసేసి, పెయింట్ తెరిచి ఓ గీత గీసి, సేవ్ చేయకుండా హైబర్నేట్ కొట్టాలి. లైటు పూర్తిగా ఆగిపోయిందా చూసుకోవాలి, ఇంకా మిణుకుమిణుకుమంటుంటే అది స్లీపే. ఆగాక గోడ దగ్గర ప్లగ్ పీకి అయిదు నిమిషాలు వదిలేసి మళ్ళీ పెట్టి ఆన్ చేస్తే పెయింట్‌లో ఆ గీత అలాగే ఉండాలి.